చివరి గడప దాకా గ్రామ పాలన – పశ్చిమ ప్రకాశంలో స్థానిక ప్రజాప్రతినిధుల బాధ్యతలు, శిక్షణ, అవకాశాలు

నల్లమల అడవుల అంచున విస్తరించి ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాలు వర్షాభావానికి, మెట్ట సేద్యానికి, వలసలకు చిరకాలంగా పేరుపడినవి. ఇటువంటి ప్రాంతంలో గ్రామ పంచాయతీ తీసుకునే చిన్న నిర్ణయమైనా సామాన్యుని దైనందిన జీవితంపై ప్రత్యక్ష ప్రభావం చూపుతుంది. వేసవిలో తాగునీటి ట్యాంకరు ముందుగా ఏ వీధికి వెళ్ళాలి, కొత్త బోరు ఎక్కడ వేయాలి, ఇళ్ళ లబ్ధిదారుల జాబితాలో ఎవరి పేరు చేరాలి అనే ప్రశ్నలకు సమాధానం లభించేది రాజధానిలో కాదు, ఊరి రచ్చబండ దగ్గరే. ఆ సమాధానం అందరికీ న్యాయంగా ఉండాలంటే సర్పంచ్, ఉప సర్పంచ్, వార్డు సభ్యులు తమ అధికారాలను, బాధ్యతలను సంపూర్ణంగా ఎరిగి ఉండటం అత్యావశ్యకం.

చారిత్రక నేపథ్యం

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుండి కొన్ని ప్రాంతాలను వేరుచేసి అందులో కలపడం జరిగింది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుండి వచ్చి చేరినవి. 1972లో ఆ జిల్లాకు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కోస్తా తీరానికి, రాయలసీమ మెట్టకు నడుమ నిలిచిన ఈ పశ్చిమ మండలాల అవసరాలు తూర్పు మండలాల అవసరాలకు భిన్నమైనవి. జిల్లా కేంద్రం దూరమన్న అభిప్రాయం ప్రజలలో దశాబ్దాలుగా వ్యక్తమవుతూ వచ్చింది. మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పాటుకు 2025లో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయం తీసుకోవడానికి నేపథ్యం ఇదే.

అయితే జిల్లా కేంద్రం దగ్గరైనంత మాత్రాన పాలన ప్రతి గడపకూ దగ్గర కాదు. కలెక్టరు కార్యాలయానికి, అడవిలోని చెంచు గూడేనికి మధ్య వారధిగా నిలువవలసినది గ్రామ పంచాయతీయే. రాష్ట్రంలో పంచాయతీరాజ్ వ్యవస్థకు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో శ్రీకారం చుట్టారు. రాజస్థాన్ తరువాత ఈ వ్యవస్థను చేపట్టిన రెండవ రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. తదనుగుణంగా ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో రూపుదిద్దుకుంది.

పదవి అందింది, అధికారం అందాలి

రాజ్యాంగ సవరణ ఫలితంగా షెడ్యూల్డు కులాలు, తెగలకు జనాభా నిష్పత్తి ప్రకారం, మహిళలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించడం తప్పనిసరి అయింది. వెనుకబడిన తరగతులకు కూడా రాష్ట్ర చట్టం అవకాశం కల్పించింది. 2011లో చేసిన సవరణతో రాష్ట్రంలో మహిళల వాటా సగానికి పెరిగింది. 2013లోను, 2021 ఫిబ్రవరిలో నాలుగు దశలుగాను జరిగిన పంచాయతీ ఎన్నికలలో ఈ నిబంధన అమలైంది. తరతరాలుగా రచ్చబండకు ఆవల నిలబడి వినడమే తెలిసిన కుటుంబాల నుండి సర్పంచులు ఎన్నిక కావడం ఈ మార్పు ఫలితమే.

కానీ రిజర్వు స్థానాలు చక్రీయ పద్ధతిలో మారుతూ ఉంటాయి. ఒక మహిళ లేదా ఒక దళిత ప్రతినిధి ఐదేళ్ళ కాలానికి ఎన్నికై, చట్టాన్ని, లెక్కలను, కార్యాలయ పద్ధతులను ఆకళింపు చేసుకునేసరికి పదవీకాలం ముగిసిపోతుంది. తరువాతి ఎన్నికలలో ఆ స్థానం మరొక వర్గానికి వెళ్ళవచ్చు. అనుభవజ్ఞులైన పాత కుటుంబాలకు లేని ఈ ఇబ్బంది కొత్తగా వచ్చిన వారికే ఎదురవుతుంది. అందుచేత మొదటి ఏడాదిలోనే శిక్షణ అందకపోతే రిజర్వేషన్ ఉద్దేశమే నీరుగారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్ పదవికి విద్యార్హత నిబంధన లేదు. 2015లో హర్యానా, రాజస్థాన్ రాష్ట్రాలు ఇటువంటి నిబంధన విధించగా, రాజస్థాన్ 2019లో దానిని ఉపసంహరించుకుంది. దేశంలోని ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలకు పుట్టినిల్లు మార్కాపురం. ఆ పలక పట్టే భాగ్యం బాల్యంలో దక్కని వారు సైతం ఇక్కడ ప్రజల ఆమోదంతో గ్రామాన్ని నడిపించవచ్చు. చదువు లేకపోవడం అనర్హత కాదు. అయితే, ఏ కాగితం మీద సంతకం చేస్తున్నామో తెలియకుండా ఉండటం మాత్రం ప్రమాదకరం. సంతకానికి ముందు కాగితాన్ని పూర్తిగా చదివించుకుని వినే హక్కు సర్పంచ్‌కు ఉంది. చదివి వినిపించవలసిన బాధ్యత పంచాయతీ కార్యదర్శిది.

ఇటీవలి సంవత్సరాలలో చెల్లింపులు కంప్యూటరు ద్వారా, డిజిటల్ సంతకంతో జరుగుతున్నాయి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ విధానంలో పంచాయతీ ఖాతా నుండి సొమ్ము కదలాలంటే బిల్లును తయారు చేసేవారు, దానిని తనిఖీ చేసి ఆమోదించేవారు వేర్వేరుగా సంతకం చేయాలి. ఆ డిజిటల్ తాళం ఎవరి చేతిలో ఉంటే అధికారం వారి చేతిలో ఉన్నట్లే. మహిళా సర్పంచ్ తాళం భర్త జేబులోనో, మరొక పెద్దమనిషి బల్లసొరుగులోనో ఉంటే ఆమె పేరుకు మాత్రమే సర్పంచ్ అవుతారు. ఎన్నికైన మహిళలకు బదులు వారి బంధువులు పెత్తనం చేయడాన్ని పరిశీలించడానికి కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2023లో ఒక సలహా సంఘాన్ని నియమించింది. 2025 మార్చి 4న సశక్త పంచాయత్ నేత్రి అభియాన్ పేరుతో మహిళా ప్రతినిధులకు ప్రత్యేక శిక్షణ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

శిక్షణ ఎక్కడ, ఎలా?

హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ దేశవ్యాప్తంగా శిక్షకులను తీర్చిదిద్దుతోంది. రాష్ట్ర స్థాయిలో గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ, దాని అనుబంధంగా బాపట్ల, సామర్లకోట, శ్రీకాళహస్తిలోని విస్తరణ శిక్షణ కేంద్రాలు ప్రజాప్రతినిధులకు, సిబ్బందికి తరగతులు నిర్వహిస్తూ వచ్చాయి. 2018లో మొదలై 2022లో పునర్‌వ్యవస్థీకృతమైన రాష్ట్రీయ గ్రామ స్వరాజ్ అభియాన్ ద్వారా ఈ శిక్షణకు నిధులు సమకూరాయి.

ఈ ఏర్పాట్ల ఫలితం అందరికీ సమానంగా అందాలంటే ఒక వాస్తవాన్ని గుర్తించవలసి ఉంటుంది. కూలిపని చేసుకునే వార్డు సభ్యురాలు దూరప్రాంతంలో జరిగే మూడు రోజుల తరగతులకు హాజరు కావాలంటే మూడు రోజుల కూలి వదులుకోవాలి, పసిపిల్లల సంరక్షణకు ఇంట్లో ఎవరినో ఒకరిని ఒప్పించాలి. కనుక తరగతులు మండల కేంద్రంలో, పగటిపూట, బస్సు వేళలకు అనుగుణంగా జరిగితేనే ఆమె రాగలుగుతుంది. గిద్దలూరు, కంభం, దోర్నాల వంటి కేంద్రాలలో, వినడానికీ, చూడటానికీ వీలైన పద్ధతిలో, అసలు దస్త్రాలను ముందుంచుకుని నేర్పే శిక్షణ పుస్తక పాఠం కంటే ఎక్కువగా ఉపకరిస్తుంది. సొంత పంచాయతీ జమాఖర్చుల పట్టికను ఒక్కసారి వరుసవారీగా చదివి తెలుసుకున్న సభ్యురాలు తరువాతి సమావేశంలో ప్రశ్న అడగడానికి వెనుకాడదు.

గ్రామసభే గుండెకాయ

ఓటరు జాబితాలో పేరున్న ప్రతి వ్యక్తీ గ్రామసభ సభ్యుడే. గత సంవత్సరపు లెక్కలు, ఆడిట్ నివేదిక, రాబోయే ఏడాది పనుల ప్రణాళిక, కొత్త పన్నుల ప్రతిపాదనలు, లబ్ధిదారుల ఎంపిక వంటి అంశాలు దాని ముందుకు రావాలని చట్టం నిర్దేశిస్తోంది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే రోజున గ్రామసభలు నిర్వహించి ఉపాధి హామీ పనులకు ఆమోదం తీసుకోవడం జరిగింది. అంతటి పెద్దఎత్తున సభలు జరపడం సాధ్యమేనని దీనితో రుజువైంది. అయితే సభ జరగడం ఒక ఎత్తు, ఆ సభలో అందరూ నోరు విప్పగలగడం మరొక ఎత్తు.

కంభం చెరువు ఉదాహరణ ఇక్కడ ప్రస్తావించదగినది. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మ నదికి అడ్డంగా రెండు కొండల నడుమ కట్ట వేసి నిర్మించిన ఈ చెరువును, శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ తవ్వించినట్లు ప్రతీతి. 2020లో దీనికి అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ నుండి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది. ఇన్ని శతాబ్దాలు ఆ కట్ట నిలిచిందంటే తరతరాల ఉమ్మడి శ్రమ, ఉమ్మడి కట్టుబాటు దానికి కారణం. 1997 చట్టం ద్వారా రాష్ట్రంలో చెరువులు, కాలువల నిర్వహణ సాగునీటి వినియోగదారుల సంఘాలకు అప్పగించడం జరిగింది. కానీ ఆ సంఘాలలో ఓటు ఆయకట్టు భూమి ఉన్నవారికే. భూమిలేని కూలీకి, చేపలు పట్టుకునేవారికి, పశువులను నీటికి తోలుకువచ్చే కాపరికి తమ మాట చెప్పుకునే చట్టబద్ధమైన వేదిక గ్రామసభ ఒక్కటే. దాని ప్రాముఖ్యం అందరికంటే ఎక్కువగా ఏమీ లేనివారికే అనుభవంలోకి వస్తుంది.

నీటి పంపిణీలో న్యాయం

పశ్చిమ ప్రాంతంలో తాగునీరు పరిమాణానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు, ఆరోగ్య సమస్య కూడా. 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్య పరిశోధకులు గుర్తించి ప్రకటించారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోనివే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములను మించితే ఆ నీరు తాగడానికి పనికిరాదు. దీర్ఘకాలం తాగితే పళ్ళు గారపట్టి, ఎముకలు వంకరపోతాయి. నీటిని కాచినందువల్ల ఫ్లోరైడ్ తొలగిపోదన్న విషయం ప్రతి ఇంటికీ తెలియవలసి ఉంది.

ఈ స్థితిలో ఊరికి ఒకే ఒక్క మంచి బోరు ఉన్నప్పుడు, దాని గొట్టపు లైను మొదట ఎవరి వీధికి చేరిందన్నది ఆ వీధి పిల్లల ఎముకలకు సంబంధించిన విషయం. ఊరి మధ్య నుండి మొదలై కాలనీ చివరన ముగిసే లైనులో ఒత్తిడి తగ్గి, చివరి ఇళ్ళకు నీరు చేరకపోవడం సాంకేతిక లోపంగా కనిపిస్తుంది. కాలనీని ఊరి చివరన ఉంచినది మాత్రం సాంకేతిక కారణం కాదు. ఈ అసమానతను సరిదిద్దడానికి పంచాయతీకి సులభమైన మార్గాలు ఉన్నాయి. నీటి సరఫరా వేళలను వీధులవారీగా బోర్డు మీద రాయించడం, వారానికొకసారి చివరి కుళాయి నుండి సరఫరా మొదలయ్యేటట్లు వాల్వులు తిప్పించడం, ట్యాంకరు తిరిగే క్రమాన్ని గ్రామసభలో నిర్ణయించి తీర్మానంగా నమోదు చేయడం వంటివి పెద్ద ఖర్చు లేని పనులు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ మార్గదర్శకాలు ప్రతి గ్రామంలో 10 నుండి 15 మందితో నీటి, పారిశుద్ధ్య సంఘం ఉండాలని, అందులో సగం మంది మహిళలు ఉండాలని, బలహీన వర్గాలకు ప్రాతినిధ్యం కల్పించాలని పేర్కొన్నాయి. నీటి నాణ్యతను పరీక్షించే కిట్ల వినియోగంలో గ్రామానికి ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలన్నది మరొక అంశం. ఆ ఐదుగురిలో కాలనీ మహిళ, తండా మహిళ ఉండేటట్లు చూడటం సర్పంచ్ చేతిలోని పని. తమ కుళాయి నీటిని తామే పరీక్షించి ఫలితాన్ని సభలో చదివే అవకాశం లభించినప్పుడు ఆ వీధి గొంతుకు విలువ పెరుగుతుంది.

నిధుల విషయంలోనూ అవకాశం ఉంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే ప్రత్యేకించింది. మిగిలిన 40 శాతాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు తప్ప స్థానిక అవసరాలకు వినియోగించవచ్చునని పేర్కొంది. షెడ్యూల్డు కులాలు, తెగల ఉప ప్రణాళికలకు 2013లో వచ్చిన చట్టబద్ధతను 2023లో మరో పదేళ్ళకు పొడిగించడం జరిగింది. ఈ నిధుల సంగతి తెలిసిన వార్డు సభ్యుడు కాలనీ రోడ్డు కోసం ఎవరినీ దేబిరించవలసిన పనిలేదు, సభలో హక్కుగా అడగవచ్చు.

అడవిలోని గూడెం లెక్కలోకి రావాలి

యర్రగొండపాలెం, దోర్నాల, పుల్లలచెరువు, అర్ధవీడు తదితర మండలాలలో చెంచు గూడేలు ఉన్నాయి. ప్రత్యేకంగా బలహీన గిరిజన సమూహంగా గుర్తింపు పొందిన చెంచుల అభివృద్ధికి శ్రీశైలం కేంద్రంగా సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ పనిచేస్తూ వచ్చింది. అయితే ఇక్కడి గూడేలు రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు పరిధిలో లేవు. అందుచేత గిరిజన గ్రామసభలకు విశేషాధికారాలు కల్పించిన 1996 నాటి పెసా చట్టం వీటికి వర్తించదు. కొద్ది గడపల గూడెం ఒక పెద్ద పంచాయతీలో చిన్న భాగంగా మిగిలిపోవడం వల్ల ఓట్ల లెక్కలో దాని బలం స్వల్పం.

ఈ లోటును కొంతవరకు పూరించగల మార్గం 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో ఉంది. ఆ చట్టపు నిబంధనలకు 2012లో చేసిన సవరణ ప్రకారం, ఏ రికార్డులోనూ నమోదు కాని గూడేలు, ఆవాసాల జాబితాను పంచాయతీ తయారుచేసి, ఆయా ఆవాసాల గ్రామసభల ఆమోదంతో సబ్ డివిజన్ స్థాయి కమిటీకి పంపాలి. అటవీ హక్కుల కమిటీలో మూడింట రెండు వంతుల మంది గిరిజనులు, మూడవ వంతుకు తగ్గకుండా మహిళలు ఉండాలి. అంటే ఒక గూడెం చట్టం దృష్టిలో గ్రామంగా నిలబడటం, నిలబడకపోవడం పంచాయతీ రాసే ఒక జాబితాపై ఆధారపడి ఉంటుంది. 2023 నవంబరు 15న ప్రారంభమైన పీఎం జన్‌మన్ పథకంలో ఇళ్ళు, రోడ్లు, తాగునీరు వంటి సదుపాయాలకు చెంచు కుటుంబాలు అర్హమైనవి. ఆధార్, కుల ధ్రువపత్రం వంటివి లేని కుటుంబాలను గుర్తించి, గూడెంలోనే నమోదు శిబిరం పెట్టించడం స్థానిక నాయకత్వం చేయగల గొప్ప సేవ.

ఆచరణలో ఐదు సూత్రాలు

మొదటిది, స్థలం. ప్రతిసారీ పంచాయతీ కార్యాలయం ముందే కాక, ఒక సభ కాలనీలో, ఒకటి తండాలో, ఒకటి గూడెంలో జరపాలి. నాయకుడు నడిచి వెళ్ళిన చోట ప్రజలు ధైర్యంగా మాట్లాడతారు.

రెండవది, సమయం. వలస వెళ్ళిన కుటుంబాలు పండుగలకు ఊరికి చేరే రోజులను, కూలీలు పనుల నుండి తిరిగివచ్చే వేళలను గమనించి సభ తేదీ నిర్ణయించాలి. దండోరా ప్రతి వీధిలోనూ వినిపించాలి.

మూడవది, ముందస్తు సమావేశాలు. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక మార్గదర్శకాలలో సూచించిన విధంగా మహిళా సభ, బాలల సభ, వార్డు సభ ముందుగా జరిపి, అక్కడ వచ్చిన కోరికలను గ్రామసభ ఎజెండాలో చేర్చాలి. స్వయం సహాయక సంఘాలలో పొదుపు లెక్కలు చూసుకున్న అనుభవం గల మహిళలు ఇందుకు అండగా నిలుస్తారు.

నాలుగవది, రాత. మాట్లాడిన వారి పేరు, అడిగిన విషయం, తీసుకున్న నిర్ణయం తీర్మానాల పుస్తకంలో నమోదు కావాలి. సభ ముగిసే ముందు వాటిని బిగ్గరగా చదివి వినిపించాలి. ఖాళీ పేజీ మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకోవడాన్ని ఎంతమాత్రం అనుమతించరాదు.

ఐదవది, లెక్క. వచ్చిన సొమ్ము, అయిన ఖర్చు అందరికీ కనిపించే గోడ మీద రాయించాలి. ఉపాధి హామీ పనులలో సామాజిక తనిఖీని వ్యవస్థీకృతం చేసి దేశానికి దారి చూపిన రాష్ట్రం మనది. 2025 డిసెంబరులో పార్లమెంటు 125 రోజుల పనికి హామీ ఇస్తూ కొత్త చట్టాన్ని ఆమోదించిన నేపథ్యంలోనూ బహిరంగంగా లెక్క చెప్పే ఆ సంప్రదాయాన్ని కాపాడుకోవలసిన అవసరం ఉంది.

పట్టణాలలోనూ అవసరమే

మార్కాపురం పురపాలక సంఘం, గిద్దలూరు నగర పంచాయతీ పరిధిలోని బస్తీలకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. 1993 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, ఆపై జనాభా గల పట్టణాలకే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. చిన్న పట్టణాలకు ఆ నిర్బంధం లేకపోయినా, కౌన్సిలర్లు స్వచ్ఛందంగా వార్డు సమావేశాలు జరపడానికి ఎటువంటి అడ్డంకీ లేదు. పలకల పరిశ్రమ కార్మికులు, వీధి వ్యాపారులు, పారిశుద్ధ్య కార్మికులు, అద్దె ఇళ్ళలో ఉండే వలస కుటుంబాలు తమ సమస్యలు చెప్పుకోవడానికి అటువంటి వేదిక ఎంతైనా అవసరం.

ముగింపు

ఒక గ్రామం ఎంత బలమైనదో కొలవడానికి ఆ ఊరి సిమెంటు రోడ్ల పొడవు ఒక్కటే చాలదు. గ్రామసభలో చివరి వరుసలో కూర్చున్న వ్యక్తి లేచి ప్రశ్న అడిగినప్పుడు, సర్పంచ్ నిలబడి సమాధానం చెప్పే అలవాటు ఆ ఊరికి ఉన్నదా లేదా అన్నది అసలైన గీటురాయి. చట్టం హక్కును ఇచ్చింది, నిధులకు దారి చూపింది. వాటిని కాలనీ చివరి కుళాయి దాకా, అడవిలోని చివరి గూడెం దాకా చేర్చే బాధ్యత ప్రజలు ఎన్నుకున్న స్థానిక నాయకులదే. అందుకు తగిన శిక్షణను వారు అడిగి పొందాలి, అధికారులు వెదికి అందించాలి, ప్రజలు సభకు వచ్చి అండగా నిలవాలి. ఈ మూడూ సమకూరిన నాడు పశ్చిమ ప్రకాశం పల్లెలు గ్రామ స్వరాజ్యానికి ఆదర్శంగా నిలుస్తాయనడంలో సందేహం లేదు.